డ్రైవర్ దొరకలేదు

దిగుమతి అనే పెద్దమనిషి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్ ఆన్ చేయాలి. కొత్తగా తెచ్చిన తూకం పెట్టెలో అంకెలు వెలగాలి. పదకొండు గంటలకు తూనికల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, సీలు వేసి వెళ్లిపోవాలి. ఆ తర్వాత క్యారేజీ విప్పుకుని ప్రశాంతంగా నాలుగు ముద్దలు తినాలి. అంతే. ఇంత చిన్న కోరికకు కూడా అడ్డొచ్చేంత తీరిక దేవుడికి ఉంటుందని ఆయన అనుకోలేదు. ఈ వయసులోనూ, బావగారి కొలువులో ఇన్నేళ్లు గడిచాక కూడా, మనిషిలో ఇంకా ఆశ చావలేదంటే మెచ్చుకోవలసిందే.

దిగుమతి అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. లారీలు తూచే కాటా దగ్గర ఆయన గుమాస్తా. లారీ కాటా మీదికి ఎక్కాక డ్రైవర్ కిందికి దిగాలి. లేకపోతే అతని బరువు కూడా సరుకు లెక్కలో కలిసిపోతుంది. అందుకని ఆయన మెట్ల పైనున్న అద్దాల గదిలో కూర్చుని, మైకు దగ్గరికి లాక్కుని, పొద్దస్తమానం ఒకటే మాట అంటాడు: "దిగు!" ఈ మాట వినీ వినీ విసిగిపోయిన డ్రైవర్లు ఆయనకు దిగుమతి అని పేరు పెట్టారు. వెనకాల పెట్టిన పేరు కొన్నాళ్లకు ముందుకొచ్చింది. ఇప్పుడు భార్య కూడా కోపం వస్తే అలాగే పిలుస్తుంది.

ఇంట్లో పిల్లి వీధిలో పులి అంటారు. ఈయన వీధిలోనూ పిల్లే. ఇంట్లో ఆయన మాటకు కుక్కర్ కూతకున్న విలువ కూడా లేదు. కుక్కర్ కూస్తే కనీసం ఎవరో ఒకరు లేచి వస్తారు. పులి అయ్యేది ఆ అద్దాల గదిలో మాత్రమే. అక్కడ ఆయన "దిగు" అంటే, గుమ్మంలో పట్టనంత మనుషులు సీట్లోంచి దిగేవారు. ఊరికే దిగేవారు కాదు. గొణిగేవారు, విసుక్కునేవారు, "నా బరువెంత సార్, రెండు బస్తాలంత కూడా లేను" అని వాదించేవారు. అయినా చివరికి దిగేవారు. ఆ చివరి దిగడం కోసమే ఆయన బతుకుతున్నాడు.

కాటా యజమాని ఆయన భార్యకు స్వయానా అన్నగారు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు గానీ, ఒక బావ వస్తే రెండో బావ కుర్చీలోంచి లేవాలి. ఆ మొదటి బావే నిన్న సాయంత్రం కొత్త తూకం పెట్టెను, ఒక కెమెరాను, ఒక స్పీకర్‌ను పట్టుకొచ్చి, స్వహస్తాలతో వైర్లు తగిలించాడు.

"మెకానిక్‌ని పిలుద్దాం బావా" అన్నాడు దిగుమతి.

"దేనికి బావా, దండగ! ఇది పాతకాలం సరుకు కాదు. వైరు గుచ్చితే చాలు, ఎవరెవరొచ్చారో అదే చూసుకుంటుంది. బండిని చూస్తుంది, మనిషిని పసిగడుతుంది. దీనికి నోరు కూడా ఉందట. నీకు ఇబ్బంది లేకుండా అంతా తెలుగులో పెట్టించా, చదువుకో."

నోరు అంటే కుయ్ కుయ్ మని కూయడం కాబోలు అనుకున్నాడు దిగుమతి. వెళ్తూ వెళ్తూ యజమాని ఇంకో మాట అన్నాడు. "రేపు సీలు పడకపోతే మాత్రం కాటా మూసేస్తా. నువ్వు మన ప్లైవుడ్ షాపులో కూర్చుందువు గానీ. అక్కడ మీ తోడల్లుడు ఉన్నాడుగా, పని నేర్పుతాడు."

తోడల్లుడు! ఆయన వయసులో చిన్న, గొంతులో పెద్ద. ప్లైవుడ్ షాపులో "దిగు" అనే అవకాశమే లేదు. అక్కడ ఉన్నది ఒక నిచ్చెన. ఎక్కమని చెప్పేది తోడల్లుడు, ఎక్కేది ఈయన. ఆ రాత్రి దిగుమతికి కలలో కూడా నిచ్చెనలే కనబడ్డాయి.

సరే, తెల్లవారింది. ఆయన గదిలోకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేశాడు. అప్పటికే మొదటి లారీ కాటా మీద నిలబడి ఉంది. సిమెంటు బస్తాల లోడు. దాని డ్రైవర్‌ను అందరూ మీసాలాయన అంటారు. ఎందుకంటారో చూస్తే తెలుస్తుంది.

"దిగు!" అన్నాడు దిగుమతి మైకులో.

"టీ కూడా తాగలేదు సార్, ఇప్పుడేగా ఎక్కాను..." అని గొణిగి మీసాలాయన దిగాడు.

కంప్యూటర్ మెల్లగా లేచింది. నిద్ర లేవగానే పెద్దవాళ్లు కళ్లద్దాలు, చెప్పులు, చేతికర్ర తడుముకున్నట్టు, తనకు తగిలించినవన్నీ తడిమి చూసుకోవడం దాని అలవాటు. కీబోర్డు ఉంది. మౌసు ఉంది. చీటీల ప్రింటర్ ఉంది. అప్పుడు తెర మీద అందమైన తెలుగులో ఒక వాక్యం వచ్చింది: "కొత్త పరికరం కనబడింది."

దిగుమతికి ప్రాణం లేచొచ్చింది. దాని కిందే రెండో వాక్యం వచ్చింది: "డ్రైవర్ కోసం వెతుకుతోంది."

కాసేపటికి మూడోది: "డ్రైవర్ దొరకలేదు."

దిగుమతి కిటికీలోంచి లారీని చూశాడు. నిజమే! సీట్లో డ్రైవర్ లేడు. తానే దింపేశాడు కదా. "ఔరా, ఎంత తెలివి!" అనుకున్నాడు. పైన కెమెరా కూడా లారీ వైపే చూస్తోంది. కొత్త మిషన్‌కు కొత్త రూలు కాబోలు. ఆయన మైకు అందుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాక ఏనాడూ అనని మాట అన్నాడు. "ఎక్కు!"

మీసాలాయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఏంటి సార్?"

"ఎక్కవయ్యా! మిషన్ నీకోసం వెతుకుతోంది."

మీసాలాయన ఎక్కాడు. తెర మీద అక్షరం మారలేదు. "కాస్త తల బయట పెట్టు. కెమెరాకి కనబడు" అన్నాడు దిగుమతి. మీసాలాయన తల బయట పెట్టాడు. చెయ్యి ఊపాడు. జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకుని మళ్లీ తల బయట పెట్టాడు. దిగుమతి "మళ్లీ వెతుకు" అన్న చోట నొక్కాడు. కంప్యూటర్ వెతికింది. "తగిన డ్రైవర్ దొరకలేదు" అంది.

"ఏమంటోంది సార్?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. కానీ దిగుమతి సత్యసంధుడు. అలాంటివాళ్లకు ఎప్పుడూ ఇలాంటి ముహూర్తాల్లోనే అది గుర్తొస్తుంది. "నువ్వు తగినవాడివి కాదంటోందయ్యా" అన్నాడు.

"నేనా? ఘాట్ రోడ్డులో బ్రేకు లేకుండా దింపినోణ్ణి నేను! నేను తగనా?"

వెనక లారీల వాళ్లు ఒక్కొక్కరే దిగి చుట్టూ చేరారు. దిగుమతి గదిలో అటూ ఇటూ వెతికాడు. తూకం పెట్టెతో పాటు అట్టపెట్టెలో ఒక చిన్న పెన్‌డ్రైవ్ వచ్చిన సంగతి గుర్తొచ్చి, దాన్ని గుచ్చాడు. తెర కాసేపు ఆలోచించి ఇలా అంది: "డ్రైవర్ దొరికింది. కానీ ఈ డ్రైవర్‌కు సంతకం లేదు. సంతకం లేని డ్రైవర్‌ను నమ్మవద్దు."

హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాడు దిగుమతి. పెన్ను, కాగితం పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాడు. "ఇదిగో, ఇక్కడొక సంతకం పెట్టవయ్యా. సంతకం లేని డ్రైవర్ని నమ్మొద్దంటోంది."

మీసాలాయన మొహం మాడిపోయింది. "ఎవర్ని నమ్మొద్దంటోంది సార్? ఇన్నేళ్లలో ఒక్క బస్తా తగ్గిందా? ఒక్క సంచి చిరిగిందా? నిన్న సాయంత్రం అట్టపెట్టెలోంచి వచ్చిన మిషన్ నన్ను నమ్మొద్దంటోందా?" అన్నాడు. అంటూనే సంతకం పెట్టాడు, పాపం. ఆ కాగితాన్ని దిగుమతి కెమెరా ఎదుట ఎత్తి పట్టుకుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడ్డాడు. ఫలితం లేదు.

ఈలోగా యజమాని కారు వచ్చింది. దాన్ని నడిపేది పెద్ద డ్రైవర్. వయసులో పెద్ద, మాటలో మెత్తన. ఇరవై ఏళ్ల నుంచి ఆ కారు, ఆ యజమాని, ఆయన చిరాకులు ఈయన చేతుల మీదుగానే నడుస్తున్నాయి. యజమానికి ప్రపంచంలో అన్నీ తెలుసు, ఒక్క కారు నడపడం తప్ప. ఆయన దిగి, "ఇంకా కాలేదా బావా? ఇన్‌స్పెక్టర్‌ని తీసుకురావడానికి కారు పంపాలి" అని అరిచి, లారీల వరుస చూసి రావడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. పెద్ద డ్రైవర్ కారును గేటు దగ్గర నిలిపి అద్దాలు తుడుస్తున్నాడు.

దిగుమతి మిషన్ కంపెనీకి ఫోన్ చేశాడు. ఒక చేత మౌసు, ఒక చేత వైరు ఉండడంతో ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, దేనికి ఆనించాలో తోచక మైకుకు ఆనించాడు. మీసాలాయనను ఎక్కమన్నప్పుడు నొక్కిన మైకు బటన్ ఇంకా పైకి రాలేదన్న సంగతి ఆయన గమనించలేదు. ఖర్మ కాలితే ఇలాగే ఉంటుంది.

"చెప్పండి సార్" అంది అవతలి అమ్మాయి. ఆ మాట కాటా అంతా మోగింది. దిగుమతికి మాత్రం లోపల గదిలో ఫోన్ గొంతే వినబడింది.

"అమ్మా, డ్రైవర్ తగిన వాడు కాదంటోందమ్మా."

"పాత డ్రైవర్ని తీసేశారా సార్?"

"పాత డ్రైవరా?" దిగుమతి కిటికీలోంచి కారు తుడుస్తున్న పెద్దాయనను చూశాడు. "లేదమ్మా. ఇక్కడే ఉన్నాడు."

"అదే సార్ ప్రాబ్లం. పాతది అడ్డం కూర్చుంటే కొత్త డ్రైవర్ ఎక్కదు. ఎప్పటిది సార్ అది?"

"ఇరవై ఏళ్లనాటి మనిషమ్మా. మా బావకి బాగా నమ్మకం."

"నమ్మకాలు పెట్టుకుంటే కుదరదు సార్. కొత్త మిషన్‌కి అది పనికిరాదు. మొదట దాన్ని తీసెయ్యండి. పూర్తిగా తీసెయ్యాలి, ముక్క కూడా మిగలకూడదు."

కారు తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. లోపల దిగుమతి ఫోన్ మీదికి వంగాడు. "ముక్క కూడానా? అమ్మా, ఆయనకి పిల్లలున్నారు! నేనిలాంటి పనులు చెయ్యలేను తల్లీ."

 ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ స్పష్టంగా, ఒక్కొక్క మాటా ఒత్తి పలుకుతూ అంది. "అయ్యో సార్! డ్రైవర్ అంటే మనిషి కాదు సార్!"

ఆ మాట స్పీకర్లలోంచి కాటా మీద, లారీల మీద, రోడ్డవతలి టీ కొట్టు మీద పిడుగులా పడింది. సరిగ్గా అప్పుడే దిగుమతికి మైకు మీది ఎర్ర దీపం కనబడింది. చటుక్కున బటన్ ఎత్తేశాడు. దాంతో "మిషన్ చెప్పేది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం సార్ అది, అంతే" అన్న తర్వాతి వాక్యం ఆయన ఒక్కడికే వినబడింది. జ్ఞానోదయం అయింది. కానీ అది అయిన చోటు గదిలో, కావలసిన చోటు బయట.

బయట అప్పటికే లారీల ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

"విన్నారుగా!" అన్నాడు మీసాలాయన. "డ్రైవర్ అంటే మనిషి కాదంట!" ఆయన కాటా మీదున్న లారీకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా అదే పని చేశారు. అందరూ కలిసి రోడ్డు దాటి టీ కొట్టు దగ్గర బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ల వెనకాలే, తుడిచిన గుడ్డను మడత పెట్టి బానెట్ మీద ఉంచి, పెద్ద డ్రైవర్ కూడా వెళ్లాడు. కారు గేటుకు అడ్డంగా అలాగే ఉండిపోయింది.

గదిలో ఆ అమ్మాయి చెప్పినట్టు దిగుమతి ఒక్కొక్కటే నొక్కాడు. పాత డ్రైవర్ పోయింది. ముక్క కూడా మిగల్లేదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపాడు. అది లేచింది, తడుముకుంది, వరసగా చెప్పుకుంటూ పోయింది: "తూకం పెట్టె దొరికింది. డ్రైవర్ దొరికింది. కెమెరా దొరికింది. డ్రైవర్ దొరికింది. స్పీకర్ దొరికింది. డ్రైవర్ దొరికింది." తూకం పెట్టెలో ఎర్రటి అంకెలు వెలిగాయి. దిగుమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టిగా అరిచి ఎవరికైనా చెబుదామని కిటికీలోంచి చూశాడు. కాటా మీద లారీ ఉంది. లారీ వెనక లారీలున్నాయి. వాటిలో మనుషులు లేరు. కంప్యూటర్‌కు దొరికిన డ్రైవర్లు లారీలకు లేకుండా పోయారు.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పంపుతామన్న కారు కోసం ఎదురుచూసి చూసి, దొరికిన ఆటో ఎక్కి, గేటుకు అడ్డంగా ఉన్న కారును చుట్టి నడిచి వచ్చాడు. ఆయన మొహం చూస్తే సీలు వేయడానికి కాదు, వాత పెట్టడానికి వచ్చినట్టుంది.

"ముందు ఖాళీ కాటా సున్నా చూపించాలి. ఆ లారీని దించండి" అన్నాడు.

దిగుమతి చేతులు నలుపుకున్నాడు. "డ్రైవర్ దొరకలేదండీ."

"నేనొక టీ తాగొస్తా. ఈలోపు లారీ దిగకపోతే 'కాటా పనిచేయడం లేదు' అని రాసేసి పోతా."

దిగుమతి కళ్ల ముందు నిచ్చెన నిలబడింది. దాని పక్కన తోడల్లుడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే యజమాని రోడ్డు మీది నుంచి ఊగిపోతూ వచ్చాడు. "ఏం చేశావు బావా! నా డ్రైవరు నా మొహం కూడా చూడ్డం లేదు!"

ఇద్దరు బావలూ టీ కొట్టుకు వెళ్లారు. పెద్ద డ్రైవర్ బెంచీ చివర కూర్చుని, చల్లారిపోయిన గ్లాసు వైపు చూస్తున్నాడు. యజమాని ఏదో గద్దించబోయి ఆ మొహం చూసి ఆగిపోయాడు.

"తీసెయ్యండి సార్, తప్పు లేదు" అన్నాడు పెద్ద డ్రైవర్. "వయసైపోయింది, నాకూ తెలుసు. పిలిచి చెబితే నేనే తాళాలిచ్చి పోయేవాణ్ణి. మైకులో చెప్పించాలా? అందరి ముందూ 'అది' అనిపించాలా నన్ను?"

యజమాని బావ వైపు తిరిగి కళ్లెర్రజేశాడు.  దిగుమతికి దుఃఖం పొంగింది. "నిన్ను కాదయ్యా, నిన్ను కాదు! కంప్యూటర్లో ఇంకో డ్రైవర్ ఉందంట, దాన్ని అంది. నా చెవులతో విన్నాను. పాపిష్టి బటన్ ఎత్తేశాను, మీకు వినబళ్లేదు. నా బుద్ధి గడ్డి తిని నీమీదికి తెచ్చాను. ఆ లారీ దిగకపోతే నా బతుకు నిచ్చెన పాలవుతుంది బాబూ!"

నిచ్చెన సంగతి ఎవరికీ అర్థం కాలేదు గానీ, మనిషి ఏడుస్తున్నాడని అర్థమైంది. మీసాలాయన మీసం సవరించుకున్నాడు. "మైకులో అన్న మాట మైకులోనే దిద్దాలి సార్" అన్నాడు.

దిగుమతి పరుగున వెళ్లి బటన్ నొక్కాడు. గొంతు సవరించుకుని, రోడ్డు చివరిదాకా వినబడేలా చెప్పాడు. "డ్రైవర్ అంటే మనిషే! తగిన మనిషే! సంతకం లేకపోయినా నమ్మదగిన మనిషే!"

టీ కొట్టు దగ్గర ఈలలు మోగాయి. యజమాని పెద్ద డ్రైవర్ చెయ్యి పట్టుకుని లేపి, "నువ్వు లేకపోతే నేను గేటు కూడా దాటలేనయ్యా, నిన్నెవరు తీసేస్తారు?" అన్నాడు. కారు అడ్డం తొలగింది. లారీల ఇంజిన్లు లేచాయి. మీసాలాయన తన లారీని కాటా దించాడు. అంకెలు సున్నాకు వచ్చి, వణక్కుండా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు.

అప్పుడు తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది: "అన్ని పరికరాలూ సిద్ధం. ఇకపై ఆపరేటర్ ప్రమేయం లేకుండా కొనసాగించాలా?" కింద రెండు గడులు: అవును, కాదు. పొద్దుటి నుంచి దిగుమతి నేర్చుకున్నది ఒకటే. ఈ మిషన్ ఏమడిగినా చదువుతూ కూర్చుంటే కొంపలంటుకుంటాయి. ఆయన కళ్లు మూసుకుని "అవును" మీద నొక్కాడు.

మీసాలాయన లారీ మళ్లీ కాటా ఎక్కింది. దిగుమతి మైకు దగ్గరికి లాక్కుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా బయటి స్పీకర్లోంచి తేనెలాంటి ఆడగొంతు ఒకటి పలికింది.

"దయచేసి డ్రైవర్ దిగగలరు."

మీసాలాయన ఉలిక్కిపడ్డాడు. "నా బరువెంతమ్మా..." అని వాదన మొదలుపెట్టి, ఆడమనిషితో పేచీ ఎందుకని సిగ్గుపడి దిగాడు. కెమెరా బండి నెంబరు చదువుకుంది. పెట్టె తూచింది. ప్రింటర్ దానంతటదే చీటీ కక్కింది. "ధన్యవాదాలు, శుభప్రయాణం" అంది గొంతు. "దిగు" అని తప్ప ఎవరూ ఇంకో మాట అనని ఆ కాటా మీద మీసాలాయన స్పీకర్‌కు దండం పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ సీలు వేశాడు. "ఇలాంటి కాటా ఈ చుట్టుపక్కల లేదండీ" అని మెచ్చుకున్నాడు కూడా. యజమాని పొంగిపోయి ఆయనను కారు దాకా సాగనంపి, తిరిగొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. మిషన్‌ను చూశాడు. ఒకదాని తర్వాత ఒకటి తమంతట తామే తూగిపోతున్న లారీలను చూశాడు. గదిలో, ఆరిపోయిన మైకు ఎదుట, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బావను చూశాడు. ఆయన మొహంలో ఒక ఆలోచన మెల్లగా ఎక్కడం దిగుమతికి అద్దంలోంచి స్పష్టంగా కనబడింది.

"బావా," అన్నాడు యజమాని ఎంతో ప్రేమగా, "మీ తోడల్లుడు మనిషి చాలట్లేదని ఒకటే గోల. కారొచ్చాక పెద్ద డ్రైవర్ నిన్ను షాపు దగ్గర దింపుతాడు. ఇక్కడింక నీకు పనేముంది? దిగు."

కాటా పెట్టిన నాటి నుంచి ఆ మాట వినగానే మారుమాట్లాడకుండా దిగింది ఆయనొక్కడే.